వదులైన సీటు కవర్లు

పదిహేడేళ్ళుగా కార్ల సీట్లకు కవర్లు కుడుతున్నాను. నా కత్తెర మీద నాకు కాస్త పొగరున్న మాట నిజమే. నేను కుట్టిన కవరు తొడిగితే సీటుకు చర్మంలా అతుక్కోవాలి. ఎక్కడైనా ముడత కనిపిస్తే ఆ పూట నాకు అన్నం సహించదు. అలాంటిదాన్ని మా సొంత కారుకే వదులు కవర్లు కుట్టానంటే ఎవరైనా నమ్ముతారా?

నాలుగు నెలల కిందట ఆ కారు పాతది కొన్నాం. పొట్టిగా, ఎత్తుగా, నాలుగు పక్కలా స్కేలు పెట్టి గీసినట్టు నిలువుగా ఉండేది. షాపులో అందరూ దాన్ని చక్రాల అగ్గిపెట్టె అనేవాళ్ళు. అంటే అననీ అనుకున్నాను. సీటు ఎత్తు, తలకు తగలని కప్పు, వెనక తలుపు ఎత్తితే నాలుగు గుడ్డ తానులు నిలువునా పట్టేవి. ఎంత ఇరుకు సందులోనైనా ఒక్క తిప్పుకే తిరిగేది. మొదటి ఆదివారమే వెనక సీటుకు ముదురు నీలం కవరు కుట్టి తొడిగాను. దానిమీద గోలీ పెడితే నిలవదని మా ఆయన కూడా మెచ్చుకున్నారు.

నెల తిరిగేసరికి ఆ కవరు నిండా ముడతలు. రెండు వేళ్ళ వదులు. గుడ్డ సాగిందేమోనని విప్పి కొలిచాను. సాగలేదు. అప్పుడు సీటును కొలిచాను. రెండు వేళ్ళు తగ్గింది. ఆ మాట చెబితే మా ఆయన నవ్వి, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వ్యవహారం అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కవరు బిగించి మళ్ళీ కుట్టాను. ఇరవై రోజులకు అదీ వదులైంది.

ఈలోపు మా అమ్మాయి గొడవ మొదలుపెట్టింది. ఏడేళ్ళది, ఒక్కచోట నిలవదని పిచ్చుక అంటాం. మోకాళ్ళు ముందు సీటుకు తగులుతున్నాయంటుంది. పిల్ల పొడుగవుతోందిలే అన్నారు ఆయన. నా మోకాళ్ళూ తగులుతున్నాయన్నాను. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అంటారు, మనకు బండి ఇరకటం వచ్చిందని ఇంకో నవ్వు. ఎప్పుడూ ముందు కూర్చునే మనిషికి వెనక సంగతి ఏం తెలుస్తుంది? ముందు సీట్లు మాత్రం కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

చివరికి కారు అమ్మినాయనకు ఫోన్ చేశాను. రిటైరైన డ్రాయింగు మాస్టారు. సీటు సంగతి ఎత్తగానే, వెనక ఎవరు కూర్చుంటున్నారని అడిగారు. నేనూ మా పాపా అని చెప్పాను.

"మా ఇంట్లో మనుషులు తగ్గారమ్మా. అందుకే అమ్మేశాను," అన్నారు మెల్లగా.

అయ్యో పాపం, ఎవరు పోయారండీ అన్నాను.

"ఎవరూ పోలేదమ్మా. అందరూ ఇంట్లోనే ఉన్నారు." ఫోన్ పెట్టేశారు.

ఆ రోజే పట్టుబట్టి కారు అమ్మకానికి పెట్టించాను. శుక్రవారం సాయంత్రం తీసుకెళ్తామని ఒకాయన ఒప్పుకున్నాడు. కడిగించి ఇస్తే మర్యాదగా ఉంటుందన్నారు మా ఆయన. మధ్యాహ్నం బడినుంచి పిచ్చుకను ఎక్కించుకున్నాం. రిపేరునుంచి తెచ్చిన నా కుట్టుమిషను ముందు సీటులో ఉంది కాబట్టి నేనూ వెనకే కూర్చున్నాను. ఇదే ఆఖరుసారి కదా అని సరిపెట్టుకున్నాను. ఆ ఒక్క పూట ఎందుకు ఎక్కానా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

అది యంత్రం కడిగే చోటు. కింద గొలుసు లాగుతుంటే కారు ఒక పొడుగాటి చీకటి గదిలోంచి మెల్లగా వెళ్తుంది. అద్దాలు మూయమని, బయటికి వచ్చేదాకా తలుపులు తీయొద్దని పనివాడు చెప్పాడు. వెనక తలుపులు ఎలాగూ లోపలినుంచి తెరుచుకోవు. పిచ్చుక కోసం లాకు వేసే ఉంచుతాం.

అద్దాల మీద నురగ పడింది. వెలుగు బూడిద రంగుకు తిరిగి, తర్వాత అదీ పోయింది. రెండు పక్కలా పెద్ద బ్రష్షులు కారును రాస్తున్నాయి. సబ్బు వాసన... దాని కింద ఇంకో వాసన, ఏళ్ళ తరబడి మూసి ఉంచిన పెట్టె తెరిచినట్టు.

"అమ్మా, జరుగు," పిచ్చుక గొణిగింది.

నేను జరగలేదు. తలుపే జరిగింది.

మోకాళ్ళు ముందు సీటుకు ఒత్తుకున్నాయి. కప్పు నా తలకు ఆనింది. 

"ఏమండీ... ఆపమనండి."

"మధ్యలో ఎలా ఆగుతుందే? గొలుసు లాగుతోందిగా. ఇంకో రెండు నిమిషాలు." ఆయన వెనక్కి తిరగలేదు.

పిచ్చుకను ఒళ్ళోకి లాక్కున్నాను. నా అరచేతి కింద కవరు గుడ్డ మడతలు పడుతోంది. ఒక మడత... ఇంకొకటి... తలుపు పిడి లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. మెడ వంగిపోయింది. ఊపిరి పీలుద్దామంటే పక్కటెముకలకు చోటు లేదు. పిల్ల ఏడుస్తోంది. ఆ తర్వాత ఏడవడం మానేసింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. దీన్ని వదిలెయ్, కావాలంటే నన్ను ఉంచుకో అని గుసగుసగా బతిమాలాను. ఎవర్ని బతిమాలానో నాకే తెలియదు.

అప్పుడు... చోటు సరిపోయింది.

ఉన్నట్టుండి సరిపోయింది. మోకాళ్ళు వదులయ్యాయి. తల కప్పుకు తగలడం లేదు. ఊపిరి హాయిగా ఆడుతోంది. పిచ్చుక ఒళ్ళో కదిలి, ఇప్పుడు బాగుందమ్మా అంది.

కారు ఎండలోకి వచ్చింది. ఆయన దిగి వెనక తలుపు తీశారు. పిచ్చుకను దింపి, నేనూ దిగాను. నేల మీద కాలు పెట్టగానే ఏడుపు తన్నుకొచ్చింది. బయటపడ్డాం, ఇద్దరం బయటపడ్డాం, అదే చాలనుకున్నాను. తాళాలు ఇక్కడే ఎవరికైనా ఇచ్చేసి నడిచైనా ఇంటికి పోదామన్నాను.

ఆయన నా మాట వినడం లేదు. పిచ్చుకను చూసి నవ్వుతున్నారు. పొద్దున మోకాళ్ళ దాకా ఉన్న బడి గౌను దాని పాదాల మీద పడి ఉంది. చేతివేళ్ళు గౌను చేతుల్లోంచి బయటికి కూడా రావడం లేదు.

"ఇదీ వదులుగానే కుట్టావా?" అన్నారు.

తల ఎత్తి ఆయన ముఖంలోకి చూశాను.

పెళ్ళినాటినుంచీ ఆయనకంటే నేనే నాలుగు వేళ్ళు పొడుగు.