ముసలమ్మల మిట్ట మీద మీసం పందెం

నమ్మకూడదని ముందే తీర్మానించుకున్నవాళ్ళు ఇక్కడితో లేచిపోవచ్చు. ఈ కథ వాళ్ళది కాదు. అబ్బే, విని నవ్వుకుంటాం అంటారా... నవ్వుకోండి. ఒక్కటే షరతు. ముందు కొలరాడో వెళ్ళి, ముసలమ్మల మిట్ట మీద ఒక రాత్రి టెంట్ వేసుకుని పడుకుని రండి. తిరిగొచ్చాక నవ్వు మిగిలి ఉంటే అప్పుడు నవ్వండి.

ఆ పేరు ఏ మ్యాప్‌లోనూ దొరకదు. డెన్వర్‌లో ఎంఎస్ చదివే మన పిల్లలు పెట్టుకున్న పేరది. నేషనల్ ఫారెస్ట్ లోపల, మట్టిరోడ్డే విసిగి ఆగిపోయే చోట, చెట్లు కూడా ఇంక ఎక్కలేమని కిందే నిలబడిపోయిన ఎత్తులో, బోడిగుండులా ఉంటుంది ఆ మిట్ట. సర్కారు నేల. అద్దె లేదు, బుకింగ్ లేదు, ఎవరైనా వెళ్ళి టెంట్ వేసుకోవచ్చు. అలాగని కుళాయి ఉంటుందనుకునేరు! కుళాయి లేదు, కరెంటు లేదు, టాయిలెట్ లేదు, చెత్తడబ్బా లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఎవరో ఎప్పుడో మంట కోసం గుండ్రంగా పేర్చిన మసిబారిన రాళ్ళు — అంతే. నీళ్ళు నువ్వే మోసుకెళ్ళాలి, చెత్త నువ్వే మోసుకురావాలి.

అక్కడ టెంట్ వేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. తెల్లారేదాకా ఉన్నవాళ్ళు మాత్రం... ఒక్కరూ లేరు.

దేదీప్య అనే అమ్మాయి అలా పారిపోయి వచ్చినవాళ్ళలో ఒకతి. వరంగల్ పిల్ల, పాముని చూసినా పక్కకి జరగమనే రకం. సెలవులకి ఇల్లినాయిలో పిన్ని ఇంటికి వచ్చి, అరోరా గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటూ ఈ సంగతి చెప్పింది. రాత్రి టెంట్ చుట్టూ ఎవరో తిరిగారట. తెల్లగా, గూనిగా, నెమ్మదిగా. టెంట్ గుడ్డ మీద ముక్కు ఆనించి వాసన చూశారట. తెల్లబట్టల ముసలమ్మలు, ఒకళ్ళు కాదు, గుంపు.

ఎదుటి బల్ల దగ్గర హరనాథ్ ఉన్నాడు. వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు. మనిషి కన్నా ముందు మీసం కనిపిస్తుంది. నలభై ఏళ్ళు నెయ్యి రాసి పెంచిన మీసం అది. ఎయిర్‌పోర్ట్‌లో ఆ మీసాన్ని విడిగా స్కాన్ చేశారని చెప్పుకుంటారు. ఆ మీసం ఊగేలా నవ్వాడు హరనాథ్.

"నవ్వుతరు గానీ అంకుల్, నేను కళ్ళార చూసిన," అంది దేదీప్య. "మీరైతే జిప్పు కూడా తియ్యకుండనే ఉరుకుతరు."

పక్కనే హనుమయ్య ఉన్నాడు. పళ్ళ డాక్టరు, హరనాథ్‌కి కాలేజీ రోజుల నుంచి నేస్తం, అంటే సగం శత్రువు. ఇంతకాలం ఎదురుచూసిన అవకాశం ఇదేనన్నట్టు చెయ్యి కడుక్కొచ్చి మరీ కూర్చున్నాడు. హోటల్ గదిలో ఏసీ చప్పుడుకే లేచి కూర్చునే మగధీరుడివి నువ్వని మొదలుపెట్టి, ఎక్కడికో తీసుకెళ్ళి ఎక్కడో ఆపాడు. ఎక్కడ ఆపాడంటే, పందెం దగ్గర.

ఆ మిట్ట మీద ఒక్క రాత్రి. పొద్దున సూర్యుడి వెలుగు టెంట్ మీద పడేదాకా అక్కడే ఉంటే, హనుమయ్య జీవితాంతం హరనాథ్‌ని నలుగురిలో గురువుగారూ అని పిలవాలి. వెలుగు పడకముందే దిగిపోతే...

"మీసం తీసేస్తా," అన్నాడు హరనాథ్.

క్యాంటీన్‌లో గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది.

సాక్షి ఎవరన్న ప్రశ్న వచ్చింది. హరనాథ్ భార్య భానుమతి కూడా వెళ్తుంది కాబట్టి ఆవిడ మాటే చివరి మాట అన్నాడు హనుమయ్య. "మా చెల్లెమ్మ మొగుడి కోసమైనా సరే అబద్ధం చెప్పదు. నీ దురదృష్టం."

వేసవిలో బయల్దేరారు. ఆ డ్రైవ్ గురించి చెప్పాలంటే అదే ఒక పురాణం. నెబ్రాస్కాలో ఎదురుగాలి లారీలని తోసేస్తోంది. హరనాథ్ కారు వచ్చింది. గాలే పక్కకి తప్పుకుంది. కొండ ఎక్కాక టెంట్ మేకులు కొట్టాడు చూడండి... ఒక్కో దెబ్బకి ఎదుటి లోయలో రాళ్ళు దొర్లాయి. తిండి మొత్తం ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో పెట్టి, టెంట్‌కి దూరంగా రాళ్ళ సందులో దాచాడు. వాగుకి దూరంగా చిన్న పారతో జానెడు లోతు గొయ్యి తీశాడు. టాయిలెట్ అంటే అక్కడ అదే. ఎంత నున్నగా తీశాడంటే, దానికి ప్రారంభోత్సవం చేయలేదన్న లోటు ఒక్కటే.

మంట మాత్రం వేయలేదు. అడవి ఎండిపోయి ఉందని ఆ నెల మంటలు నిషేధం. రూల్ అంటే రూలే హరనాథ్‌కి.

భానుమతికి వేరే రూల్స్ ఉన్నాయి. దీపాల వేళకి ఆవిడ ఫ్లీస్ జాకెట్ జేబులోంచి కళ్ళుప్పు ప్యాకెట్ తీసింది. భర్తని తూర్పుముఖంగా నిలబెట్టింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, హనుమయ్య దిష్టి అంటూ పిడికెడు ఉప్పు చుట్టూ తిప్పింది. తీసిన దిష్టి నీళ్ళలో కలపాలి కదా. వాగు వైపు నడిచింది.

హరనాథ్ అడ్డుపడ్డాడు. ఇది పబ్లిక్ ల్యాండ్, వాగులో ఏదీ వెయ్యకూడదు, పళ్ళు తోముకున్న నురగ కూడా ఉమ్మకూడదు అన్నాడు. దిష్టి తీసిన ఉప్పు చేతిలో పట్టుకుని పడుకోమంటారా అంది ఆవిడ. కాసేపు వాదన జరిగింది. చివరికి రాజీ. ఆ ఉప్పు, దానితో పాటు మరో రెండు పిడికిళ్ళు, టెంట్ చుట్టూ గిరి గీసినట్టు చల్లేసింది.

"ఇంక ఏదీ ఈ గీత దాటి రాదు," అంది భానుమతి.

ఇంజనీరు కదా, హరనాథ్ జాలిగా నవ్వాడు. జిప్పు వేశారు. పడుకున్నారు.

నిశ్శబ్దం అంటే మీరు విన్నది నిశ్శబ్దం కాదు. అరోరాలో నిశ్శబ్దంలో కూడా ఫ్రిజ్ ఉంటుంది. అక్కడ తన మీసం దిండుకి రాసుకున్న చప్పుడు హరనాథ్‌కి వినిపించింది.

సగం చంద్రుడు పైకొచ్చాడు. అప్పుడు —

టక్.

ఆగింది.

టక్... టక్...

రాతి మీద చేతికర్ర ఊనుకుంటూ ఎవరో వస్తున్నట్టు. ఒక కర్ర కాదు. అటు ఒకటి, ఇటు ఒకటి, వెనక ఇంకోటి. టెంట్‌కి కాస్త దూరంలో అన్నీ ఒక్కసారి ఆగాయి.

తర్వాత మొదలైంది. సర్ర్... సర్ర్... సర్ర్... తెల్లవారకముందే వాకిలి ఊడుస్తున్నట్టు. ఊడుస్తూ ఊడుస్తూ, టెంట్ చుట్టూ, గుండ్రంగా.

"ఏమండీ," అంది భానుమతి, గాలి కన్నా మెల్లగా.

"గాలి," అన్నాడు హరనాథ్.

"గాలికి కాళ్ళుంటాయా?"

చంద్రుడి వెలుగులో టెంట్ గుడ్డ మీద నీడ పడింది. గూని వీపు. ముందుకి చాచిన తల. గడ్డం కింద వేలాడుతున్న కొంగు. ఆ నీడ వంగింది, నేలని ఏదో చేసింది, లేచి... "హుఁ" అని నిట్టూర్చింది. కోడలు చేసిన పప్పు రుచి చూసిన అత్తగారి నిట్టూర్పు అది.

భానుమతి జిప్పు బెత్తెడు తీసి, ఉప్పు పిడికెడు బయటికి విసిరి, వెంటనే మూసేసింది.

టకటకటక — దూరం వెళ్ళాయి చప్పుళ్ళు.

"చూశారా," అంది. ఆవిడ గొంతులో విజయం.

ఆ విజయం ఎంతసేపు? చీకట్లోంచి మళ్ళీ టక్... ఈసారి రెట్టింపు. సర్ర్ సర్ర్ మని ఊడ్పులు ఇంకా దగ్గరికి. ఆవిడ ఇంకో పిడికెడు విసిరింది. పారిపోయినట్టే పారిపోయి, చుట్టాలని వెంటేసుకుని వచ్చాయి. ఇంకో పిడికెడు. ఇప్పుడు టెంట్ నాలుగు గోడల మీదా నీడలే. గుడ్డకి అవతల నుంచి వెచ్చటి ఊపిరి, తడి ఉన్ని వాసన. టెంట్ తాడు ఒకటి ఎవరో లాగినట్టు ఊగింది.

మూఢనమ్మకాల మీద అరోరా లైబ్రరీలో రెండు గంటలు ఉపన్యాసం ఇచ్చిన హరనాథ్, ఆ క్షణంలో నోరు విప్పాడు.

"భానూ... ఇంకా ఉందా ఉప్పు?"

అడుగున కొంచెమే ఉందని చెప్పింది.

కారు ఎంతో దూరం లేదు. తాళం జేబులోనే ఉంది. హరనాథ్ మీసం తడుముకున్నాడు. నలభై ఏళ్ళు. పెళ్ళి ఫోటోలో కూడా పెళ్ళికూతురి పక్కన అదే ముందు కనిపిస్తుంది. అది లేకుండా హనుమయ్య ఎదుట నిలబడటం ఒక వైపు, గుడ్డకి అవతల ఉన్నది ఒక వైపు. చాలాసేపు తూచాడు.

"వెంట్రుకలేగా," అన్నాడు చివరికి. "మళ్ళీ పెరుగుతాయి."

"హనుమయ్య అన్నయ్యకి నేనేం చెప్పను?"

"బతికి ఉంటే చూద్దాం."

నుదుటికి లైటు కట్టుకున్నాడు. పరుగెత్తడానికి సిద్ధంగా గొంతుక్కూర్చుని, జిప్పు ఒక్క గుంజు గుంజి, తల బయట పెట్టాడు.

ఎదురుగా మొహం.

తెల్లగా, పొడుగ్గా, బెత్తెడు దూరంలో. లైటు వెలుగుకి పచ్చగా మండుతున్న కళ్ళు. ఆ మొహం కూడా హరనాథ్‌ని పరీక్షగా చూసింది. తర్వాత నాలిక చాపి... చెమటకి తడిసిన మీసాన్ని, ఈ చివర నుంచి ఆ చివరికి, తృప్తిగా నాకింది.

కొండలు దద్దరిల్లేలా అరిచాడనుకుంటున్నారా? లేదు. ఆ మహావీరుడి గొంతులోంచి ఈల లాంటిది వచ్చి, అదీ మధ్యలో ఆగిపోయింది. వెల్లకిలా పడ్డాడు.

భానుమతి ఆయన మీదుగా వంగి బయటికి చూసింది. చాలాసేపు చూసింది.

"ఏమండీ," అంది. "మేక."

మేకలే! కొండమేకలు. తెల్లటి ఉన్ని, గూని భుజాలు, గడ్డాలు, రాతి మీద టకటకలాడే గిట్టలు, ఉప్పు కోసం సర్ర్ మని నేల నాకే నాలికలు. ఆ ఎత్తున గడ్డి దొరుకుతుంది గానీ ఉప్పు దొరకదు. ఉప్పు వాసన తగిలితే లోయలు దాటి వస్తాయి. దెయ్యాలు పోవాలని ఈవిడ చల్లిన కొద్దీ, అవి బంధుమిత్ర సపరివారంగా విందుకి వచ్చాయి. మరి దేదీప్య వాళ్ళు ఉప్పు చల్లలేదే అంటారా? టాయిలెట్ లేని మిట్ట మీద, చీకటికి భయపడి, కుర్రకారు అంతా టెంట్ పక్కనే పని కానిచ్చేస్తే ఆ నేలకి ఉప్పు రాకుండా ఉంటుందా? అదండీ ముసలమ్మల రహస్యం.

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. హరనాథ్‌కి ప్రాణం వచ్చింది, దానితో పాటు నోరూ వచ్చింది. మొదటి టక్‌కే నాకు తెలుసు, నిన్ను పరీక్షిద్దామని ఊరుకున్నా అన్నాడు. తెల్లవారుజామున చిన్న గ్యాస్ స్టవ్ మీద కాఫీ పెట్టాడు. అడుగున మిగిలిన ఉప్పు కూడా భానుమతి చల్లేస్తే, మేకలు ఆఖరి రాయి దాకా నాకి, ఎదుటి కొండ ఎక్కి కనుమరుగయ్యాయి. తూర్పు తెల్లబడింది. ఎదుటి శిఖరం కొసన బంగారు రంగు అంటింది. ఇంకాస్తలో ఆ వెలుగు టెంట్ మీదకి దిగుతుంది. హనుమయ్య చేత గురువుగారూ అనిపించుకునే సన్నివేశాన్ని హరనాథ్ అప్పుడే చేతులు తిప్పుతూ నటించి చూపిస్తున్నాడు.

భానుమతి ఉప్పు ప్యాకెట్ దులిపింది. కాగితం చప్పుడు తప్ప ఏమీ రాలలేదు.

"అయిపోయింది," అంది.

అప్పుడు టెంట్ వెనక నుంచి, చాలా దగ్గరగా, అలిసిపోయిన ఒక ముసలి గొంతు, తెలుగులో —

"అడుగున కాస్త ఉంటుంది... సరిగ్గా చూడమ్మా."

భానుమతి హరనాథ్‌ని చూసింది. హరనాథ్ భానుమతిని చూశాడు. విన్నావా అని ఒకరినొకరు అడగలేదు. అడిగితే నిజమైపోతుంది.

తర్వాత కారు మలుపు తిరుగుతున్నప్పుడు, ఆయన అద్దంలో చూశాడు. మిట్ట మీద ఒంటరిగా తమ టెంట్. దాని మీద అప్పుడే, మెల్లగా, సూర్యుడి మొదటి వెలుగు పడుతోంది.

కొండ కింద మొదటి పెట్రోల్ బంకులో రేజర్ కొన్నాడు. ఎవరూ అడగలేదు. మేకల్ని చూసి పారిపోయామని చెప్పి నవ్వించేయవచ్చు, వెలుగు పడ్డాకే దిగామని చెప్పమని భార్యని బతిమాలుకోనూ వచ్చు. ఏదీ చేయలేదు. బాత్‌రూమ్‌లోంచి బయటికొచ్చిన మనిషిని భానుమతి ఒక్క క్షణం పోల్చుకోలేదట. ఇక హనుమయ్య — జీవితమంతా ఎదురుచూసిన ఆ బోసి పెదవిని చూసి, నవ్వుదామని నోరు తెరిచి, స్నేహితుడి కళ్ళలోకి చూసి, మూసేశాడు.

టెంట్ మాత్రం అక్కడే ఉండిపోయింది. పబ్లిక్ ల్యాండ్‌లో సామాను వదిలి రావడం తప్పని హరనాథ్‌కి నిద్ర పట్టలేదు. దేదీప్యకి ఫోన్ చేసి, ఎండ బాగా ఉన్నప్పుడు వెళ్ళి తెచ్చి పెట్టమన్నాడు. ఆ పిల్ల మిట్టమధ్యాహ్నం రూమ్మేట్లని తీసుకుని వెళ్ళింది.

టెంట్ నిలబడి లేదు. మేకులన్నీ పీకి ఒక పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. గుడ్డ మొత్తం, అంచుకి అంచు కలిపి, కుచ్చెళ్ళు సర్ది, పెట్టెలో దాచుకునే పట్టుచీరలా మడతపెట్టి ఉంది. దాని మీద ఉప్పు ప్యాకెట్, లోపలి వైపు బయటికి తిప్పి, శుభ్రంగా.

మేకలకి చేతులుండవు కదా. నమ్మకపోతే డెన్వర్ వెళ్ళి ఆ మడత చూసి రండి, ఈ రోజు వరకూ విప్పే ధైర్యం లేక అలమరలో అలాగే పెట్టుకుంది. ఎవరిని అడగాలంటారా? దేదీప్యని.