ఏడో నంబరు పోస్టుకి బదులు మనిషి

ఆ క్యాంపులో ఏడో నంబరు పోస్టు పేరెత్తితే వంటవాళ్ళు కూడా గొంతు తగ్గించేవారట.

నాకు ఇది చెప్పినవాడు అబద్ధాలాడే మనిషి కాదు. ఆ మాటకొస్తే అబద్ధమాడేంత హుషారు ఆ క్యాంపులో ఎవరికీ లేదు. విన్నది విన్నట్టు చెబుతాను.

ఏడో నంబరు పోస్టంటే క్యాంపు చివర, ముళ్ళకంచె పక్కనున్న మందుగుండు గోదాము. ఎప్పుడో యుద్ధకాలంలో కట్టారు. అందులో సరుకంతా పదకొండేళ్ళ కిందటే ఇంకో చోటికి తరలించారు. కాపలా తీసేయమని మాత్రం ఎవరూ కాగితం పెట్టలేదు. కాగితం లేదు కాబట్టి కాపలా ఉంది. రోజూ రాత్రి ఒక సిపాయి తూటాల్లేని తుపాకి భుజాన వేసుకుని, ఏమీ లేని గోదాముని కాపాడేవాడు. రెండు గంటలకొకసారి పుస్తకంలో "అంతా క్షేమం" అని రాసి సంతకం పెట్టేవాడు.

వెనకటికి ఒక చలికాలం రాత్రి, డ్యూటీ మార్చాల్సినవాడు మరిచిపోయి నిద్రపోయాడట. తెల్లారి చూస్తే పోస్టులో ఉన్న కుర్రాడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే బిగుసుకుపోయాడట.

అప్పట్నించీ కొన్ని రాత్రులు... సరిగ్గా రెండింటికి, తాళం వేసిన గోదాములోంచి బూట్ల చప్పుడు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. పన్నెండు అడుగులు.

తర్వాత చీకట్లోంచి ఒక గొంతు — "ఎవరక్కడ?"

అది కాపలా ఉన్న సెంట్రీ అడగాల్సిన ప్రశ్న. దాన్ని దెయ్యమే అడిగేది.

ఇంత చెడ్డపేరున్న చోటికి ఎవరు పోతారంటారా? అందరూ పోతామనేవారు. అదే విచిత్రం.

సంగతేమిటంటే, ఏడాదిగా అక్కడ ఎవరికీ సెలవుల్లేవు. పెద్ద తనిఖీ ఉంది, అది కాగానే ఇస్తామన్నారు. తనిఖీ నెలనెలా వాయిదా పడేది. ఈలోగా సిపాయిలు దారి పక్క రాళ్ళకి సున్నం కొట్టేవారు. వానకి పోతే మళ్ళీ కొట్టేవారు. పొద్దున పరేడులో గట్టిగా కేక వెయ్యమంటే ఆవలింతలు వచ్చేవి. తిట్టుకోవడానికి కనీసం శత్రువైనా లేడు.

దెయ్యాన్ని విని జ్వరం తెచ్చుకున్నవాడికి మాత్రం డాక్టరు పది రోజులు ఇంటికి రాసేవాడు. రెండు నెలలకొకడికి ఆ అదృష్టం పట్టేది. చంకలో ఉల్లిపాయ పెట్టుకుని వచ్చినవాళ్ళని వాసన పట్టి వెనక్కి తరిమేవాడు.

'నిదానం' అనే సిపాయికి ఆ జ్వరం చాలా అవసరం. ఏ పనీ తొందరపడి చెయ్యడని ఆ పేరు పెట్టారు. ఇంటి దగ్గర ఎనిమిది నెలల కూతురుంది. పుట్టాక ఒక్కసారైనా ఎత్తుకోలేదు. మూడు అర్జీలు పెట్టాడు, మూడూ తిరిగొచ్చాయి. ఆ వారం భార్య ఫోన్ చేసి మామూలుగానే చెప్పింది.

"పిల్లకి మాటొచ్చిందండీ. ఫోన్ చూసి నాన్నా అంటోంది."

"అందులో నన్ను చూసేగా?"

"కాదండీ... ఆపేసి ఉన్నా అంటోంది."

ఆ పూట నిదానానికి ముద్ద దిగలేదు. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే కూతురికి నాన్నంటే అరచేతంత నల్ల పలకే ఖాయమైపోతుందనిపించింది. మర్నాడు నాలుగు నెలల ఆదివారాల విశ్రాంతి ఇంకొకడికి వదులుకుని, బదులుగా వాడి వంతు ఏడో నంబరు పోస్టు పట్టాడు.

రాత్రి రెండయింది.

బూట్లు వినబడ్డాయి... ఎడమ, కుడి, ఎడమ, కుడి.

నిదానానికి భయం వెయ్యలేదు. అదే అతని భయం. నాడి పట్టుకుంటే డాక్టరుకి తెలిసిపోతుంది. కళ్ళారా చూస్తేగాని లాభం లేదనుకుని, పోస్టు వదిలి గోదాము తలుపు దగ్గరికి నడిచాడు. తాళంచెవి పోయి పదేళ్ళయిందని పుస్తకంలో ఉంది. తాళం మాత్రం తెరిచి వేలాడుతోంది.

తలుపు తోశాడు —

లోపల, టార్చిలైటు వెలుగులో, ఖాళీ పెట్టె మీద క్యాంపు సుబేదారు కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకీ బూట్లు తొడుక్కుని చెక్క మీద కొడుతున్నాడు.

"నడుద్దామంటే మోకాళ్ళు సహకరించడం లేదోయ్," అన్నాడాయన. కోపం లేదు, కాస్త సిగ్గు ఉంది.

సిపాయిల అర్జీలన్నీ ఆయన చేతిమీదుగానే పైకి వెళ్ళి, ఆయన చేతికే తిరిగొచ్చేవట. ఎవడింట్లో పరిస్థితి మరీ బాగోలేదో, వాడి డ్యూటీ రాత్రి ఆయన తన చేతులకి బూట్లు తొడుక్కునేవాడు. తల్లి పోయిన డ్రైవరు కోసం అలాగే వచ్చాడు. ఈ రాత్రి నిదానం కోసం వచ్చాడు.

"సెలవిచ్చే అధికారం నాకు లేదు," అన్నాడు. "భయపెట్టొద్దని మాత్రం ఎవరూ రాసివ్వలేదు."

నిదానానికి కళ్ళు చెమర్చాయి. అది కనబడకుండా ఏదో ఒకటి అనాలి కాబట్టి, గొంతు మాత్రం బాగా మారుస్తారు సార్ అన్నాడు.

"ఏ గొంతు?"

"ఎవరక్కడ అని అడుగుతారు కదా..."

సుబేదారు బూట్లు నెమ్మదిగా కింద పెట్టాడు.

"అది అడిగేది మీ సెంట్రీలు కాదూ? రూలు ప్రకారం..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సెంట్రీ లోపల ఉన్నాడు. బయట పోస్టు ఖాళీ.

బయట... కంకర మీద ఎవరో కాలు కదిపారు.

"ఎవరక్కడ?"

చిన్న వయసు గొంతు. చలికి వణుకుతోంది గాని, అడగడం గట్టిగానే అడిగింది. ఆ క్యాంపులో అంత మనసుపెట్టి ఆ ప్రశ్న అడిగే సిపాయి ఎవడూ లేడని సుబేదారుకి అప్పుడే తట్టింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఆయన్ని లేపి నిలబెట్టింది.

"మనవాళ్ళమే," అన్నాడు. బయటికి వినబడేలా రెండోసారి అన్నాడు.

తుపాకి మడమ నేలకి ఆనిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. పోస్టులో పుస్తకం తెరిచి ఉంది. రెండు గంటల గడిలో, నిదానానిది కాని గుండ్రటి చేతిరాతతో ఇలా ఉంది — "అంతా క్షేమం. నా బదులు మనిషి ఇంకా రాలేదు."

తెల్లారేసరికి ఇద్దరికీ నూటమూడు జ్వరం. డాక్టరు ఉల్లిపాయల కోసం వెతికి, దొరక్క, ఇద్దరికీ పదేసి రోజులు రాశాడు.

ఇంటికి వెళ్ళిన రోజున కూతురు నిదానాన్ని చూసి ఏడ్చింది. నాలుగో రోజు మీసం పట్టుకు లాగింది. బయల్దేరే ముందురోజు చేతిలో ఫోన్ అవతల పారేసి, అతని మొహంలోకి చూసి, నాన్నా అంది.

తిరుగు ప్రయాణంలో, బస్సు కిటికీ పక్కన కూర్చుంటే, ఆ గుండ్రటి చేతిరాతే కళ్ళముందు ఆడింది. ఆ కుర్రాడికీ ఒక ఇల్లుండే ఉంటుంది కదా అనిపించింది. దెయ్యం పోతే ఇక జ్వరాలుండవని అతనికి తెలుసు. కూతురు తొలి అడుగులు వేసేది తను చూడలేడనీ తెలుసు. దారంతా ఆలోచించాడు, నిదానంగానే.

వచ్చిన రాత్రే ఏడో నంబరు పోస్టు అడిగి తీసుకున్నాడు. రెండు కాగానే పక్కనున్న చీకటి వైపు తిరిగి, డ్యూటీ మార్చుకునేటప్పుడు అనే మాటే అన్నాడు.

"పోస్టు నేను తీసుకున్నాను. నువ్వు దిగు."

ఏమీ లేదు...

ఇంకేమనాలో తోచక, "ఇంటికెళ్ళు తమ్ముడూ," అన్నాడు.

కంకర మీద బూట్లు కదిలాయి. ఎడమ, కుడి అని కాదు. గేటు వైపు — ముందు నడక... తర్వాత పరుగు.

ఆ తర్వాత అక్కడ ఎవరికీ గొంతు వినబడలేదు. వట్టి బూట్ల చప్పుడుకి మూడు రోజులకి మించి రాయనన్నాడు డాక్టరు. సంగతి తెలిసిన కుర్రాళ్ళు నిదానంతో రెండు నెలలు మాట్లాడలేదు.

సుబేదారు మాత్రం దెయ్యం దిగిపోయిన మర్నాడే గేటు పుస్తకం తెప్పించుకున్నాడు. గేటు దగ్గరి సెంట్రీ నిద్రమత్తులోనే అయినా పద్ధతిగా రాశాడు: "రెండూ పది. సెలవు మీద ఒకరు బయటికి. తలుపు తీశాను. మనిషి కనబడలేదు."

సెలవు మంజూరు చేసిన అధికారి సంతకం ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది.

సుబేదారు ఆ గడిని చాలాసేపు చూశాడు. తర్వాత కలం తీసి సంతకం పెట్టాడు. తిరిగి రావాల్సిన తేదీ గడిలో మాత్రం ఏమీ రాయలేదు.