యాకయ్య గ్లాసు

1989 జూన్. కెమిస్ట్ వెంకట్రాజాన్ని సుబేదారి రోడ్డు మీద పట్టపగలే కాల్చేశారు. ఎయిడ్స్ మందును చవగ్గా తయారుచేసే పద్ధతి కనిపెట్టడమే ఆయన చేసిన నేరం.

"ఫార్ములా ఉన్న మైక్రోఫిల్మ్ దొరకలేదు," అన్నాడు ఫోన్‌లో చీఫ్. "విదేశీ కంపెనీ ముఠా దానికోసమే తిరుగుతోంది. వాళ్ల మందు కొనాలంటే మనవాళ్లు పొలాలు అమ్మినా చాలదు. ఫిల్మ్ సంగతి యాకయ్య అనే రోగికి తెలుసు. కోడ్ చెబితేనే నోరు విప్పుతాడు. సాయంగా మన భారతి వస్తుంది."

ఏజెంట్ సారంగపాణి కాంపౌండర్ వేషంలో హన్మకొండ దవాఖానలో దిగాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇది పన్నెండో పేరు. సొంత పేరుతో పిలిచేవాళ్లు డిపార్ట్‌మెంటులో తప్ప ఎక్కడా మిగల్లేదు.

యాకయ్య తొర్రూరు లారీ డ్రైవర్. వరండా చివరి గదిలో ఒక్కడే ఉన్నాడు. ఇంకో ఏడాది బతికితే గొప్పన్నాడు డాక్టర్. అన్నం పళ్లెం గడప అవతలే పెట్టి కాలితో లోపలికి నెట్టేవారు ఆయాలు.

"పత్తి రేటెంత?" అన్నాడు సారంగపాణి.

"తొర్రూరుల అడుగుండ్రి సారూ." కోడ్ కలిసింది. యాకయ్య కిటికీలో నీళ్లతో ఉన్న స్టీలు గ్లాసు చూపించాడు. "కెమిస్ట్ సారు దాని అడుగుకు అంటించిండు. నా గిలాస ఎవ్వలు ముట్టరు గద!"

తలుపు దగ్గర గుప్పున సెంటు వాసన. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, చేతిలో సైలెన్సర్ పిస్టల్. అంతా వినేసింది భారతి.

"నువ్వు వాళ్ల మనిషివా?"

"రెండు వైపులా, పాణీ. గ్లాసు ఇటివ్వు. మూడు లెక్కపెడతాను. ఒకటి... రెండు..."

సారంగపాణి గ్లాసు తీసి, సగం నీళ్లు తాగి, మిగతావి ఆమె ముఖాన కొట్టాడు. భారతి కెవ్వున వెనక్కి గెంతి, గడప తగిలి పడింది. పిస్టల్ ఎగిరిపోయింది. సంకెళ్లు పడ్డాయి. ఆ జబ్బు మందుతో వ్యాపారం చేసే కంపెనీ, అది గ్లాసుతో అంటుకోదని తన మనిషికి చెప్పుకోలేదు కాబోలు!

"శభాష్!" అన్నాడు ఫోన్‌లో చీఫ్. "ఫిల్మ్ ఢిల్లీ పంపించు. కమిటీలు, పరీక్షలు, అనుమతులు... మందు రావడానికి మూడేళ్లయినా పడుతుంది."

సారంగపాణి తిరిగి ఆ గదికే వెళ్లాడు. యాకయ్య అదే గ్లాసు కడిగి నీళ్లు పోసి ఇచ్చాడు.

"ఆరు నెలలాయె సారూ, నా గిలాసల ఇంకొకలు తాగక. ఇంటోళ్లు సుత తాగలె."

తనకు ఒకరు ఇలా నీళ్లందించి ఎన్నాళ్లయిందో సారంగపాణికి గుర్తురాలేదు. మెల్లగా తాగాడు.

"మందు ఎప్పుడొస్తది సారూ?"

"వచ్చే నెలలోనే."

యాకయ్య అతని కళ్లలోకి చూసి నవ్వాడు.

"మీ కొలువుల అబద్ధాలాడుడు నేర్పరా సారూ?"