మంచంలో ఉన్నవాడి నడక

బేకరీ నుంచి నేరుగా వచ్చింది ఆమె. మోచేతుల దాకా పిండి అంటుకుని ఉంది. డిటెక్టివ్ చూపించిన కుర్చీలో అంచున కూర్చుంది.

"మా ఆయన వెల్డరు మేడమ్. నిచ్చెన మీంచి పడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చెయ్యాలి. ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బు కట్టమంటున్నారు."

"మిమ్మల్ని కట్టమంటున్నారా?"

"కాదండీ, వాళ్ళు కట్టరట. మంచంలో ఉన్నది అసలు మా ఆయనే కాదట."

మూల బల్ల దగ్గర లెన్సు తుడుస్తున్న ఫొటోగ్రాఫర్ చెయ్యి ఆగింది. ఒకప్పుడు అతనికి సొంత స్టూడియో ఉండేది. ఏదో కేసులో నాలుగు ఫొటోలు తీసిపెట్టడానికి ఈ ఆఫీసుకు వచ్చాడు. తన కెమెరా పట్టుకున్నవన్నీ చూసి, తనకు తట్టనిది డిటెక్టివ్ చెప్పేసరికి నోరు వెళ్ళబెట్టాడు. అప్పటినుంచి ఇక్కడే అసిస్టెంటు.

"మీ ఆయన కాకపోతే మరెవరట?" అంది డిటెక్టివ్. యాభై దాటిన మనిషి. ప్రశ్న అడిగాక జవాబు పూర్తయ్యేదాకా కదలదు.

"మా మరిది అంటున్నారు. అన్నదమ్ములిద్దరూ అచ్చు గుద్దినట్టుంటారు. మరిదికి ఇన్సూరెన్స్ లేదు. అన్న కార్డు మీద తమ్ముడికి వైద్యం చేయిస్తున్నామని వాళ్ళ అనుమానం. మరిదేమో లారీ వేసుకుని ఎక్కడికో వెళ్ళాడు, ఫోన్ కలవడం లేదు. మా వాళ్ళెవరు సాక్ష్యం చెప్పినా నమ్మరు, అందరూ ఒకటేనంటారు. ఇంకా ఆలస్యమైతే కాలు పొట్టిదవుతుందని డాక్టరు చెప్పాడు. మళ్ళీ నిచ్చెన ఎక్కలేకపోతే ఇక వెల్డింగు ఏం చేస్తాడు మేడమ్?"

"ఊరికే అనుమానం రాదు కదా. ఏం చూసి అంటున్నారు?"

ఆమె సంచిలోంచి నల్లటి చేతి పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. ఎంత నడిచామో లెక్కపెట్టి ఫోన్ ద్వారా ఇన్సూరెన్స్ కంపెనీకి పంపే పట్టీ అది. రోజూ నడిచేవాళ్ళకు కంపెనీ ప్రీమియం తగ్గిస్తుంది. ఆ తగ్గింపు ఉండబట్టే తాము పాలసీ కట్టగలుగుతున్నామని చెప్పింది.

"మా ఆయన ఆస్పత్రిలో చేరాక కూడా ఇది పొద్దున్నే నడుస్తోందట. ఇది ఇంట్లో అలమరాలో ఉంటుంది మేడమ్. చార్జర్ కూడా అక్కడే. నేను చీకటితోనే పిండి కలపడానికి బేకరీకి వెళ్ళిపోతాను. మా పాప నిద్ర లేచేసరికి స్కూలు టైమవుతుంది. ఎవరు నడుస్తున్నారో ఆ దేవుడికే తెలియాలి."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"అత్తయ్య. మోకాళ్ళ నొప్పులు, చేతికర్ర లేనిదే లేవలేదు. ఆవిడకు ఈ గొడవ చెప్పలేదు, గుండాగిపోతుంది. మీరు కూడా చెప్పకండి."

డిటెక్టివ్ పట్టీని అటూ ఇటూ తిప్పింది. "ఫొటోగ్రాఫర్ గారూ, దీన్ని దగ్గరగా తియ్యండి. ముందూ వెనకా."

అతను తీశాడు. నల్లటి రబ్బరు, నున్నగా ఉంది. బిగించే చోట వరసగా చిల్లులు. చివరి చిల్లు దగ్గర రబ్బరు మడతపడి తెల్లబారింది. అతను చూసింది అంతే.

*

ఇన్సూరెన్స్ అధికారి చెడ్డవాడేం కాదు. బల్ల మీద రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించాడు. అన్న ఎవరో తమ్ముడెవరో కెమెరా పట్టి బతికినవాడు కూడా పోల్చుకోలేకపోయాడు.

"కార్డులు అప్పివ్వడం మాకు కొత్త కాదు మేడమ్," అన్నాడు అధికారి. "ఇలాంటివి వదిలేస్తే ఆ భారం నిజాయితీగా కట్టేవాళ్ళందరి ప్రీమియం మీద పడుతుంది. నా పని నేను చెయ్యాలి కదా."

"చెయ్యండి, ఎవరొద్దన్నారు? ఆ నడక ఎలా ఉందో చెప్పండి."

"తెల్లవారుజామున. రోజూ అదే వేళకి."

"ఏకబిగినా?"

"లేదు. కాస్త నడవడం, ఆగడం. మళ్ళీ నడవడం."

"ప్రమాదం జరగక ముందు?"

అధికారి కంప్యూటర్ తెర వైపు తిరిగి చాలాసేపు చూశాడు. "అప్పుడూ ఇలాగే ఉంది. అందుకే కదా అదే మనిషి అంటున్నాం!"

"అదే మనిషని నేనూ ఒప్పుకుంటాను," అంది డిటెక్టివ్ లేస్తూ.

మెట్లు దిగుతుండగా ఫొటోగ్రాఫర్ ఉండబట్టలేకపోయాడు. "వాళ్ళ వాదన ఒప్పేసుకున్నారేంటండీ! ఇక మనకేం మిగిలింది?"

"సగమే ఒప్పుకున్నాను. పదండి, వెల్డరు ఇల్లు చూద్దాం."

*

రెండు గదుల ఇల్లు. తలుపు వెనక మేకుకు వెల్డరు పనిచొక్కా వేలాడుతోంది. ముంజేతుల మీద, ఛాతీ మీద నిప్పురవ్వలు పడి జల్లెడలా చిల్లులు పడింది. కిటికీలో ఉన్న అతని ఫోన్ కవరు మీద కూడా కాలిన చుక్కలే. డిటెక్టివ్ చెప్పకముందే ఫొటోగ్రాఫర్ అన్నీ తీశాడు.

ముసలావిడ కుర్చీలో కూర్చుని బీన్సు తుంచుతోంది. "మావాడి ఆఫీసు వాళ్ళా?" అని అడిగింది.

"వాడి మంచికోసం వచ్చినవాళ్ళం పెద్దమ్మా. మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"ఏముందమ్మా, వంటింటికీ ఈ కుర్చీకీ మధ్యనే నా ప్రయాణం. ఇదిగో, ఈ కర్రే నా మూడో కాలు." ఆవిడ నవ్వింది. "నా కోడలు చెప్పిందా? నన్ను గాజుబొమ్మలా చూస్తుంది. గిన్నె ఎత్తితే అరుస్తుంది."

"కోడలు మంచిదేనన్నమాట."

"మంచిదే. నోరే కాస్త పెద్దది. నాకంటే నయమే!"

డిటెక్టివ్ కర్ర అందుకుని, పిడి మెచ్చుకుని, తిరగేసి, తిరిగి ఇచ్చేసింది. ఫొటోగ్రాఫర్ దాని అడుగుభాగం తీశాడు. రబ్బరు టోపీ ఒక పక్కకు అరిగి చెక్క బయటపడింది.

"ఇంట్లో అందరికీ ఇన్సూరెన్స్ ఉందా పెద్దమ్మా?"

"నాకు లేదు. నా వయసు రాస్తే ధర ఆకాశానికెళుతుందట. నేనే వద్దన్నాను. రాయిలా ఉన్నాను, నాకేం రోగం?"

వీధిలోకి రాగానే డిటెక్టివ్ అంది: "అధికారిని ఆస్పత్రికి పిలవండి. ట్యాక్సీ మాట్లాడి ఆవిడనూ తీసుకురండి. కోడలికి నేను సర్దిచెబుతాను."

*

వార్డులో వెల్డరు కాలు బరువు కట్టి వేలాడదీశారు. మంచానికి ఒక పక్క భార్య, ఇంకో పక్క తల్లి. అధికారి కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. ఫొటోగ్రాఫర్ గోడకు ఆనుకున్నాడు. ఈ ఘట్టం కోసమే అతను ఈ ఉద్యోగం చేస్తున్నాడు.

"పని చేసేటప్పుడు ఈ పట్టీ కట్టుకుంటారా?" వెల్డరును అడిగింది డిటెక్టివ్.

"రవ్వలు పడితే కరిగి చర్మానికి అతుక్కుపోతుందండీ. ఏ వెల్డరూ కట్టుకోడు. ఎప్పుడైనా సాయంత్రం కట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొస్తాను."

"దానికే తగ్గింపు వచ్చిందా?"

వెల్డరు నీళ్ళు నమిలాడు. "కంపెనీ వాళ్ళు మంచివాళ్ళు అనుకున్నానండీ."

అధికారికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

"మీరు చెప్పింది సగం నిజం," అంది డిటెక్టివ్ అతనితో. "ప్రమాదానికి ముందూ తర్వాతా నడిచింది ఒకే మనిషి. అయితే ఆ మనిషి వెల్డరు కాదు. ఆయన వస్తువుల్లో నిప్పురవ్వ తగలనిది ఈ పట్టీ ఒక్కటే. ఆయన మణికట్టు చూడండి, మొదటి చిల్లు అందడమే కష్టం. మడత చివరి చిల్లు దగ్గరుంది. రబ్బరు అలా తెల్లబారాలంటే నెలల తరబడి అక్కడే బిగించాలి. తమ్ముడి చెయ్యి కూడా ఇంతే లావు, ఫొటోల్లో చూశాం. పైగా అతను ఊళ్ళో లేడు. ఈమె ఆ వేళకు బేకరీలో ఉంటుంది, పాప నిద్రలో ఉంటుంది. చార్జర్ ఇంట్లోనే ఉంది, కాబట్టి బయటివాళ్ళు కాదు. నడుస్తూ మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకునే మనిషి, సన్నటి మణికట్టు, వంటింటికి మాత్రమే వెళ్ళే కర్రకు అరిగిపోయిన రబ్బరు. పెద్దమ్మా, చెయ్యి ఇలా ఇవ్వండి."

ముసలావిడ ముడతల చేతికి డిటెక్టివ్ పట్టీ చుట్టింది. పిన్ను చివరి చిల్లులోకి తనంతట తానే వెళ్ళినట్టు వెళ్ళింది.

ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తడం మరిచిపోయాడు. ఇవన్నీ తన ఫొటోల్లో ఉన్నవే.

"నువ్వా అత్తయ్యా?" అంది కోడలు. "చీకట్లోనా? పడితే?"

"అందుకే చెప్పలేదే. పడితే నాకు ఇన్సూరెన్స్ లేదు కదా, మీరు వెళ్ళనిస్తారా?" ఆవిడ కొడుకు వైపు చూడలేదు. "తగ్గింపు రాకపోతే ఈసారి పాలసీ వదిలేద్దామని వీళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే విన్నాను. పసిదానికి జ్వరం వస్తే? వీడు నిప్పులతో పనిచేసేవాడు, వీడికేమన్నా అయితే? మొదట్లో గేటు దాకానే. తర్వాత మోకాళ్ళే అలవాటు పడ్డాయి. వీడు పడ్డాక మానేస్తే, ఆ తగ్గింపూ పోతుందని భయమేసింది. ఇంత ముంచుకొస్తుందని నాకేం తెలుసు!"

అధికారి చేతిలో ఫైలు మూశాడు. "మంచంలో ఉన్నది పాలసీదారే. ఆపరేషన్‌కు ఇప్పుడే అనుమతి పంపిస్తాను. కానీ తగ్గింపు ఉంచలేను. పాలసీలో లేని మనిషి నడిచింది. ఇచ్చినది వెనక్కి కట్టాలి."

"న్యాయమే," అంది డిటెక్టివ్. "ఒక్కటి చెప్పండి. పాలసీలో ఉన్నవాళ్ళలో ఎవరు నడిచినా తగ్గింపు ఇస్తారా?"

"ఇస్తాం. కుటుంబంలో ఒక్కరు నడిచినా అందరికీ తగ్గుతుంది."

"అయితే ఈవిడ పేరు చేరిస్తే?"

అధికారి ఫోన్ తీసి లెక్క వేశాడు. మరోసారి వేశాడు. "వయసుకు పెరుగుతుంది. ఈ నడకకు తగ్గుతుంది. మొత్తం మీద... ఆవిడ లేకుండా, తగ్గింపు లేకుండా కట్టేదానికంటే కాస్త తక్కువే. డాక్టరు పరీక్ష మాత్రం చేయించాలి."

"నాకెందుకురా ఇప్పుడు," అంది ముసలావిడ పట్టీ విప్పబోతూ. "అనవసరపు ఖర్చు."

వెల్డరు మంచం మీంచి చెయ్యి చాచి తల్లి మణికట్టు మీద వేశాడు. ఆవిడ చెయ్యి ఆ అరచేతిలో మునిగిపోయింది.

"ఉంచుకో అమ్మా," అన్నాడు. "నువ్వు లేని పాలసీ కట్టే స్తోమత మాకు లేదు."