పదిహేడు తర్వాత

నేను వినికిడి పరీక్షలు చేస్తాను. మా క్లినిక్‌లో మెట్లు దిగి కిందికొస్తే పాత ఫైళ్ళు పెట్టే గది, దాని పక్కన నా గది. నా గదిలో ఇంకో చిన్న గది ఉంటుంది. మేం బూత్ అంటాం. ఒక కుర్చీ పడుతుంది, కూర్చుని చేతులు చాపితే గోడలు తగుల్తాయి. చుట్టూ బూడిదరంగు స్పాంజి. తలుపు జానెడు మందం. అది వేశాక బయట ఎవరు గొంతు చించుకున్నా లోపలికి రాదు. పేషెంటు హెడ్‌ఫోన్లు పెట్టుకుని లోపల కూర్చుంటే, నేను బయట మిషన్ దగ్గర కూర్చుని సన్నటి కూతలు వినిపిస్తాను. వినపడగానే చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. నొక్కితే నా దగ్గర ఆకుపచ్చ లైటు వెలుగుతుంది. మా ఇద్దరి మధ్యా రెండు పొరల అద్దం, మాట్లాడుకోడానికి అటూ ఇటూ మైకూ స్పీకరూ. తొమ్మిదేళ్ళుగా ఇదే పని.

ఆ మధ్యాహ్నం నేను మంచి హుషారు మీదున్నాను. ఆపరేషన్ అయి ఎనిమిది నెలలు నిండాయి. పనిలోకి తిరిగొచ్చాక నొప్పికి ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు.

ఆపరేషన్ సంగతి చెప్పాలి. పదమూడో ఏట మొదలైంది నాకు నెలనెలా నొప్పి. తడిగుడ్డని పిండినట్టు ఎవరో పొత్తికడుపుని పట్టుకుని పిండుతుంటే, కళ్ళు బైర్లు కమ్మి బాత్రూం నేల మీద ముడుచుకుని పడుకునేదాన్ని. "అందరికీ ఉండేదేనే, లోకంలో నువ్వొక్కదానివే ఆడపిల్లవా?" అనేది అమ్మ. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన దిగులన్నాడు. మూడో ఆయన, పెళ్ళయితే అదే పోతుందిలే అని నవ్వాడు. నమ్మింది అక్క ఒక్కతే. బాత్రూం తలుపు బయట చతికిలబడి, నేను బయటికొచ్చేదాకా కదిలేది కాదు. తనకి వినపడకూడదని నేను పంపు తిప్పేసి, ఆ నీళ్ళ చప్పుడు చాటున మూలుగుతూ అంకెలు లెక్కపెట్టేదాన్ని. పదిహేడు దాకా. పదిహేడుకి ఊపిరి అయిపోయేది. మళ్ళీ ఒకటి నుంచి. ఈ లెక్క సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అక్కకి కూడా.

నొప్పి మొదలైన పందొమ్మిదేళ్ళకి ఒక డాక్టరమ్మ దానికి పేరు చెప్పింది. ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిదే బయట కూడా పెరుగుతోందట. నెలనెలా అదీ రక్తం కారుస్తుంది, బయటికి పోయే దారి లేక అక్కడే గడ్డకడుతుంది. ఆ మాట విని నేను ఏడ్చాను. భయంతో కాదు. నేను అబద్ధం చెప్పట్లేదని ఒకరు కాగితం మీద రాసిచ్చినందుకు.

నాలుగు గంటలు పట్టింది ఆపరేషన్. ఎడమ అండాశయం మీద నిమ్మకాయంత గడ్డ, దాన్నిండా నల్లబడిన పాత రక్తం. పేగు వెళ్ళి గర్భసంచికి అతుక్కుపోయి ఉందట, విడదీశారు. మెలకువ వచ్చేసరికి విచిత్రంగా కడుపు కన్నా భుజం ఎక్కువ నొప్పి. "లోపల నింపిన గ్యాసమ్మా, రెండ్రోజుల్లో పోతుంది" అంది నర్సు. డాక్టరమ్మ మాత్రం మంచం అంచున కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "కనపడినదంతా తీసేశాను. కానీ మళ్ళీ రాదని మాటివ్వలేను. అయిదేళ్ళలో పదిమందిలో ముగ్గురు నలుగురికి తిరిగొస్తుంది. మాత్రలు మానకు."

"మిగిలిన ఆరుగురిలో నేనుంటాను లెండి" అన్నాను మత్తులోనే. ఆవిడ నవ్వలేదు.

సరే, ఆ మధ్యాహ్నం. మొదటి పేషెంటు ఒక లారీ తాత. నలభై ఏళ్ళు ఇంజను పక్కన కూర్చుని రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. మా రిసెప్షన్‌లో అమ్మాయి పొద్దస్తమానం కూస్తూనే ఉంటుందని అందరం కోయిల అంటాం. ఆ కోయిల అరుపే ఆయనకి వినపడలేదు, చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చింది. లోపల కూర్చోబెట్టి తలుపు వేశాను.

నేనింకా కూత మొదలుపెట్టలేదు. ఆకుపచ్చ లైటు వెలిగింది.

పొరపాటున నొక్కాడనుకున్నాను. మళ్ళీ వెలిగింది. ఆగింది. మళ్ళీ. మైకులో అడిగాను.

"తాతా, నేనింకా ఏమీ వినిపించలేదు. ఎందుకు నొక్కుతున్నారు?"

ఆయనకి నా మాట వినపడలేదు. అద్దంలోంచి నాకేసి చూసి, చెవిలో చెప్పినట్టు గొంతు తగ్గించి అన్నాడు. "ఇక్కడెవరో ఆడమనిషి మూలుగుతోందమ్మా. పాపం, బాగా బాధలో ఉంది."

చెవి నరాలు దెబ్బతిన్నవాళ్ళకి లేని శబ్దాలు వినపడటం మామూలే. కాగితం మీద అదే రాశాను. పరీక్షలో తేలిందేమంటే, మోటారు సైకిలు పక్కనుంచి వెళ్ళినా ఆయనకి వినపడదు. ఆ మూలుగు మాత్రం వినపడింది.

రెండో పేషెంటు లెక్కల టీచరు. యాభై ఏళ్ళావిడ, చెవులు బాగానే ఉన్నాయి, ఏదో ఉద్యోగం కాగితాల కోసం వచ్చింది. సగం పరీక్షలో హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తల పక్కకి వాల్చి వింటోంది.

"ఏమైంది మేడం?"

"ఎవరండీ అది? లెక్క తప్పుతోంది."

"ఏం లెక్క?"

"ఒకటి, రెండు, మూడు… వరసగా చెప్తోంది. పదిహేడు దాకా వచ్చి పద్దెనిమిది చెప్పట్లేదు. మళ్ళీ మొదటికి వస్తోంది. మా క్లాసులో అయితే నిలబెట్టి చెప్పించేదాన్ని" అని నవ్వింది.

ఏదో సర్దిచెప్పి ఆవిణ్ణి పంపించేశాను. తర్వాతి ముగ్గురినీ రేపు రమ్మని కోయిలకి చెప్పాను.

"ఒంట్లో బాగాలేదా అక్కా? మళ్ళీ పాత నొప్పేనా?" అంది.

"నోరు ముయ్యి" అన్నాను. నేను ఎవరినీ అలా అనను. అది బిక్కమొహం వేసుకుని పైకి వెళ్ళిపోయింది.

ఆరింటికి అక్క వచ్చింది. అక్కకి కుట్టుమిషన్లు బాగుచేసే షాపుంది, ఎప్పుడూ చేతులకి మిషను నూనె వాసనే. రోజూ షాపు కట్టేసి నన్ను తీసుకెళ్తుంది. జరిగింది చెప్పాను. బాత్రూంలో లెక్క సంగతి కూడా, ఇన్నేళ్ళకి.

అక్క బూత్ తలుపు తీసి లోపలికి తొంగిచూసింది. తర్వాత, "నువ్వు లోపలికెళ్ళి విన్నావా?" అంది.

"లేదు."

"మరి విను. నేను ఇక్కడే ఉంటాను. ఏమీ లేదని నీకే తెలిస్తే పీడ వదులుతుంది."

మిషన్ ఆపేశాను. హెడ్‌ఫోన్ల వైరు ఊడదీసి బయటే పెట్టాను. "నేను చెయ్యి ఎత్తగానే తలుపు తియ్యి" అన్నాను. "అలాగే చిన్నీ, వెళ్ళు" అని నా కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది అక్క.

తలుపు పడింది.

బూత్‌లో ఒంటరిగా కూర్చుంటే ముందు మన ఒళ్ళే వినిపిస్తుంది. చెవుల్లో రక్తం హోరు, గుటక, కనురెప్ప పడిన తడి చప్పుడు. అవన్నీ నాకు అలవాటే. స్పాంజి వాసన కూడా అలవాటే. కాసేపటికి ఆ వాసన మారింది. తడిసిన నేల. ఫినాయిలు. దాని అడుగున ఇనుములాంటి వాసన… రక్తానిది.

ఎడమ పక్కనుంచి, సన్నగా, పళ్ళ మధ్యనుంచి వచ్చినట్టు…

"ఒకటి… రెండు…"

నా గొంతు.

ఇప్పటి గొంతు కాదు. పదమూడేళ్ళప్పటిది. నాకు లేవాలని ఉంది. కాళ్ళు రావట్లేదు. చెయ్యి ఎత్తాలని ఉంది. ఆ గొంతు నావైపు తిరిగి లేదు, గోడవైపు తిరిగి చెప్పుకుంటోందని నాకు ఎలాగో తెలిసింది. పాపం అనిపించింది. నిజంగా అనిపించింది. నన్ను విడదీసి, కోసి, ట్రేలో వేసి పారేశారు కదా అన్నట్టుంది ఆ గొంతు.

"పదిహేను… పదహారు… పదిహేడు…"

ఊపిరి అయిపోయింది. నాదో, దానిదో. నిశ్శబ్దం. ఒకటి నుంచి మొదలుపెడుతుందని ఎదురుచూశాను.

మొదలుపెట్టలేదు.

నా చెవి తమ్మెకి వేడిగా గాలి తగిలింది.

"పద్దెనిమిది."

పొత్తికడుపులో ఎడమవైపు ఎవరో పట్టుకుని పిండారు. నేను అరిచాను. నా అరుపు నాకే స్పాంజిలోకి ఇంకిపోయినట్టు పలచగా వినిపించింది. అద్దంలోంచి చూస్తే అక్క ఫోన్ మీదనుంచి తల ఎత్తింది. నావైపు చూడలేదు. నా ఎడమ పక్కకి చూసింది. నేను చెయ్యి ఎత్తకముందే పరిగెత్తుకొచ్చి తలుపు లాగింది.

"ఎవరే…" అని ఆగిపోయింది.

"ఏం చూశావక్కా?"

"ఏం లేదు. నీ మొహం పాలిపోయుంటే భయపడ్డాను." నా భుజం పట్టుకుంది. చూపు మాత్రం నా ఎడమ పక్కనే ఉంది. "పద, ఇంటికెళ్దాం."

ఆ రోజు నుంచి బూత్‌లో ఎవరికీ ఏమీ వినపడలేదు. లెక్కల టీచరు మిగిలిన సగం పరీక్షకి మళ్ళీ వచ్చింది. "హమ్మయ్య, ఇప్పుడు ఎవరూ లేరు. తగ్గినట్టుంది పాపం ఆ అమ్మాయికి" అంది. నేను నవ్వలేకపోయాను. అప్పటికే రోజూ నొప్పి మాత్ర వేసుకుంటేగానీ కుర్చీలో కూర్చోలేకపోతున్నాను.

పదోరోజు స్కానింగ్‌కి వెళ్ళాం. డాక్టరమ్మ చాలాసేపు తెర చూసింది. ఎడమవైపే. ద్రాక్షపండంత.

"మళ్ళీ వచ్చిందా?" అన్నాను. ఆ మాట నేను చెప్తేనే బాగుంటుందనిపించింది.

"వచ్చింది. కానీ చిన్నది. భయపడకు, మాత్ర మారుద్దాం, మూడు నెలలకోసారి చూద్దాం. మళ్ళీ కోత అవసరం లేకుండానే గడిచిపోవచ్చు. నా దగ్గరే అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు."

"నేను ఒక్క మాత్ర కూడా మానలేదు డాక్టరుగారూ."

"నాకు తెలుసు. నీ తప్పేం లేదు. ఇది అంతే."

ఆవిడ నా చెయ్యి నొక్కింది. ఈసారి నేను ఏడవలేదు. మూడు నెలలు, ఇంకో మూడు నెలలు, అలా బతికేయొచ్చు అనుకున్నాను. పందొమ్మిదేళ్ళు దాంతోనే బతికినదాన్ని. నొప్పికి నేను కొత్త కాదు.

బయటికొచ్చేసరికి సన్నగా వాన పడుతోంది. అక్క ఫోన్ చేసి కారు పిలిచింది. స్కానింగ్ అయ్యేదాకా గది బయట బెంచీ మీద కూర్చునే ఉంది, అయినా ఏం చెప్పారని నన్ను అడగలేదు. కారు వచ్చి ఆగింది. అక్కే వెనక తలుపు తీసి పట్టుకుంది. నేను ఎక్కి, కడుపు పట్టుకుని కిటికీ పక్కకి జరిగాను.

"ఇంకొంచెం జరుగు చిన్నీ" అంది అక్క.

తను కూర్చుంటుంది కదా అని అవతలి తలుపుకి అతుక్కున్నట్టు జరిగాను. అక్క వానలో తడుస్తూ ఇంకాసేపు తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత మెల్లగా, ఎవరి వేళ్ళూ నలగకుండా చూసుకుంటున్నట్టు తలుపు వేసింది.

వేసి, ముందుకెళ్ళి డ్రైవరు పక్కన కూర్చుంది.