ముప్పై దగ్గర ఆపినవాడు

"అయిపోయింది, బయటికి రా," అన్నాడు యల్మారి.

"అప్పుడేనా? ముప్పై షాట్లేగా కొట్టావు. ఇంకో ఇరవై కొట్టు."

"ఐస్ చదును చెయ్యాలి. ఏడింటికి పిల్లలొస్తారు."

"రోజూ ఇదే పాట. గోల్‌కీపర్ కంటే ఐస్ చదును చేసే ఆ బండే ఎక్కువైపోయింది నీకు," అంటూ సైమి మాస్కు తీసింది. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. యల్మారి చూపు తిప్పుకోలేకపోయాడు. ఆమె గమనించేసరికి గబగబా వంగి ఐస్ మీద పడున్న పక్‌లు, ఆ నల్లటి రబ్బరు బిళ్ళలు, ఏరుకున్నాడు.

నిజానికి పిల్లలు ఎనిమిదింటికి గానీ రారు. టోర్నియో ఊళ్ళో ఆ ఐస్ హాకీ రింకు పనంతా చూసేది అతనొక్కడే కాబట్టి అబద్ధం ఇన్నాళ్ళూ చెల్లింది.

సైమి తుంటికి ఆపరేషన్ జరిగి ఏడాది కాలేదు. ముప్పై దాటితే మోకాళ్ళ మీంచి లేచేటప్పుడు పళ్ళు బిగిస్తుంది. అది చూడలేక నవంబరు నుంచీ అక్కడే ఆపేస్తున్నాడు. ప్రేమంటే కాపాడటమే అనుకున్నాడు, పిచ్చివాడు.

శనివారం మ్యాచ్. ఓడితే గోల్‌లో వేరే అమ్మాయిని నిలబెడతానని కోచ్ హన్నెలే ముందే చెప్పేసింది.

వచ్చిన జట్టు మంచి అవకాశం కోసం కాచుకునే రకం కాదు. ఎక్కణ్ణించి వీలైతే అక్కణ్ణించి కొట్టడమే. ఒక్కో షాట్‌లో పెద్ద పస లేదు. కానీ ప్రతిదానికీ సైమి కూలబడాలి, మళ్ళీ లేవాలి.

ముప్పైదాకా ఒక్కటీ వదల్లేదు. స్టాండ్‌లో యల్మారి లెక్కపెడుతూనే ఉన్నాడు. ముప్పై నాలుగోది ఆమె కాలి ప్యాడ్‌కి తగిలి వెనక్కొచ్చింది. ఆమె లేచేలోపే మళ్ళీ కొట్టారు. గోల్. ఆ తర్వాత ఇంకో రెండు. రెండు గోల్స్ ఆధిక్యం అలా పోయింది, మ్యాచూ పోయింది.

అందరూ వెళ్ళిపోయాక సైమి బెంచీ మీదే ఉండిపోయింది. వంగి స్కేట్ల తాళ్ళు విప్పుకోలేకపోతోంది. యల్మారి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఒకటి విప్పాడు.

"నన్ను తీసేశారు," అంది.

"పిల్లలొచ్చేది ఎనిమిదింటికి సైమీ. ఏడింటికి కాదు."

ఆమె చటుక్కున తలెత్తింది. "ఎప్పట్నించి?"

"నవంబరు నుంచి. నువ్వు నొప్పితో లేస్తుంటే చూడలేకపోయాను. నువ్వంటే నాకిష్టం. చాలా ఇష్టం."

"ఇష్టమైతే నన్నడగాలి. నలభయ్యో షాట్‌కి నా కాలు ఏమవుతుందో అంతమంది ముందు తెలియాలా నాకు? ప్రాక్టీసులోనే తెలిసుంటే ఏదో దారి వెతుక్కునేదాన్ని. లేదంటే నేనే తప్పుకునేదాన్ని. రెండూ లేకుండా చేశావు."

యల్మారి తల దించుకుని లేవబోయాడు.

"ఎక్కడికి? ఈ కాలిది ఎవరు విప్పుతారు?"

విప్పుతుంటే ఆమె చెయ్యి అతని భుజమ్మీద పడింది. క్షమించి వేసిందో, ఊతం కోసం వేసిందో తెలియలేదు. ఈసారి ఊహించుకోకుండా అడిగాడు.

"లేవడానికి," అంది సైమి, కళ్ళు తుడుచుకుంటూ. "క్షమించడం సంగతంటావా, ముందు ఇంటిదాకా నడిపించు, తర్వాత చూద్దాం."