మస్కట్‌లో కార్చిన కన్నీరు

ఆ ఒక్క మాట నోరు జారకపోయి ఉంటే ఎంత బాగుండేది! పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది గానీ ఇంద్రాణి చూపంతా వాకిట్లోని ఖాళీ మంచం మీదే ఉంది. మొగుడు పుల్లన్న పొద్దున్నే లేచి ఎటో వెళ్ళిపోయాడు. సెల్లు మంచం మీదే వదిలేశాడు. రాత్రి కూడా తినలేదు... మాటైతే మొన్నటి నుంచీ లేదు!

"మస్కట్ నుంచి ఏమి తెచ్చినావో అనుకుంటిమి. మా తమ్మునికి మూగనోము తెచ్చినావు గదమ్మా!" అని దెప్పింది ఆడబిడ్డ ఆంజినమ్మ.

ఇంద్రాణి పెదవి కొరుక్కుంది. బోర్లు ఎండిపోయి, వేరుశనగ వరసగా దెబ్బతీస్తే, మస్కట్‌లో కాపురమున్న కళ్యాణదుర్గం డాక్టరమ్మ త్రివేణి తన పిల్లల్ని చూసుకోవడానికి రమ్మంది. రెండేళ్ళు అక్కడే ఉండి, ఈ మధ్యే తిరిగొచ్చింది ఇంద్రాణి. సెలవు రోజున త్రివేణి ఆమెను ఇంట్లో వదలక వెంట తీసుకెళ్ళేది. మ్యూజియంలో ఇంద్రాణి గాజుపెట్టెల్లోని వెండి కడియాలు చూసి, "మా అవ్వవీ ఇట్లాంటివే!" అంటూ నుదురు గాజుకు ఆనించి నిలబడిపోయేది. వండటం, కడగటం తప్ప ఎరగని మనిషికి, ఊరికే చూడటానికని ఇంత పెద్ద ఇల్లు కట్టి ఉంచుతారన్న సంగతే ఒక పండగ! ఆ తర్వాత పాలరాతి నాటకశాల... ధర్మవరం పట్టుచీర కట్టుకుని, మెత్తటి కుర్చీలో ఒదిగి కూర్చుంటే దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయేవి. కొన్నాళ్ళకు "ఈ నెల ఏమి ఆట ఉండాదమ్మా?" అని తనే అడగడం మొదలుపెట్టింది.

ఆ ఫోటోలే మొన్న మొగుడికి సంబరంగా చూపించింది. చివరి ఫోటోలో నాటకశాల మెట్ల మీద తను... కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"ఎందుకు ఏడ్సినావు?"

"నాటకం చూసి. ఎంత బాగా ఆడినారనీ!"

అంతే! పుల్లన్న ముఖం మాడిపోయింది. ఎందుకు మాడదు? కంబదూరు చుట్టుపక్కల ఊళ్ళల్లో పుల్లన్న కాటి సీను అంటే జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. కాటికాపరిగా మారిన రాజు వేషంలో, చనిపోయిన బిడ్డను ఎత్తుకుని ఆయన పద్యం అందుకుంటే ఏడవని ఆడది లేదు. అలాంటి మనిషి నాటకాన్ని పెళ్ళాం కొన్నేళ్ళుగా చూడనే లేదు!

"వొదినా!" అంటూ పరుగున వచ్చాడు హార్మోనియం వాయించే ఓబిలేష్. "అన్న ఇంక వేషం కట్టడంట! కిరీటం, కత్తి అన్నీ మా ఇంట్లో పడేసి పోయినాడు. రేపే గదా జాతర! యాడుండాడు?"

ఇంద్రాణి పొయ్యి దగ్గర్నుంచి లేచింది. కొడుకు వంశీ పోయినప్పుడూ ఇదే మౌనం... ఏడేళ్ళ బిడ్డ జ్వరంతో, ఆసుపత్రి చేరకముందే బస్సులో కన్నుమూశాడు. ఆ తర్వాత ఒకనాడు పుల్లన్న ఎండిన బావి గట్టు మీద, కాళ్ళు లోపలికి వేలాడేసుకుని కూర్చుని కనిపించాడు. దేవుడా... మళ్ళీనా! ఆమె చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. బావి దగ్గర ఎవరూ లేరు. లోపలికి తొంగి చూసింది. రాళ్ళూ, తుమ్మమొక్కలూ తప్ప ఏమీ లేవు...

చివరికి బడి మైదానంలో, జాతర కోసం వేసిన స్టేజీ మీద ఒంటరిగా కనిపించాడు. ఇంద్రాణి స్టేజీ మెట్టు మీదే కూలబడింది.

"పో మే," అన్నాడు పుల్లన్న తల వంచుకునే. "మా నాటకాలు నీ కంటికి ఆనవు. తెలీని బాసలో ఎవడో అరిస్తే ఏడ్సే దొరసానివి!"

"అవును, ఒక్క ముక్క తెలీలే. తెలీకనే ఏడిస్తి! ఒక తండ్రి సచ్చిన బిడ్డను ఎత్తుకున్నాడు. మాట తెలిసుంటే ఆ యప్ప బిడ్డే అనుకుందును. తెలీక... మన వంశీ అనుకుంటి. ఎత్తుకున్నది నువ్వనుకుంటి!"

పుల్లన్న తల ఎత్తాడు.

"మరి నా నాటకానికి ఎందుకు రాలే?"

"కోపం! నా ఒళ్ళో బిడ్డ సల్లబడిపోతే రాయి మాదిరి కూర్సున్నావు. కంట్లో ఒక్క సుక్క లేదు. అట్లాంటోనివి ఊరి ముందర పరాయి బిడ్డ కోసం ఏడుస్తావంటే... సూసేకి నా పానం ఒప్పలే!"

పుల్లన్న ఆమె వైపు తిరిగాడు.

"ఆ పొద్దు నేనూ ఏడ్సింటే నిన్ను ఎవరు పట్టుకుందురు? 'నువ్వు గట్టిగుండప్పా' అని ఊరంతా నాకే చెప్తిరి. ఉంటి. నువ్వు తేరుకున్నాక నేను ఏడిస్తే నీ పుండు మళ్ళా రేగుతాదని భయం. ఇంట్లో నాకు ఏడ్సేకి చోటు యాడుండాది? రాజు ఏడిస్తే ఎవరూ వద్దనరు మే!"

ఇన్నేళ్ళూ... ఇన్నేళ్ళూ ఈ మనిషి తన బిడ్డ కోసమే ఏడ్చాడా! ఇంద్రాణి పాకుతున్నట్టుగా మెట్లెక్కి, ఆయన తలను గుండెకు హత్తుకుంది. పుల్లన్న ఏడ్చాడు. పద్యం లేదు, రాగం లేదు, హార్మోనియం లేదు. ఎక్కిళ్ళు పెడుతూ పసివాడిలా ఏడ్చాడు. వెనకే వచ్చిన ఆంజినమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, కుర్చీలు మోసుకొస్తున్న వాళ్ళను గేటు దగ్గరే ఆపేసింది.

"ఆ మస్కట్ తండ్రి... కడదాకా ఎత్తుకునే ఉన్నాడా?" ఏడుపు కాస్త తగ్గాక అడిగాడు.

"లేదప్పా. కింద పండుకోబెట్టి, పక్కన కూర్సోని పాడినాడు."

పుల్లన్న ముఖం తుడుచుకున్నాడు.

"రేపు వస్తావా?"

"వస్తా. ముందరే కూర్సుంటా. నువ్వు మాత్రం... జనం ఎన్నిసార్లు వన్స్‌మోర్ అన్నా, బిడ్డను కింద పండుకోబెట్టినాక మళ్ళా ఎత్తుకోవద్దు."